కాలమిస్టు అంటే ఎవరు? రాజకీయ కాలమ్ వెనక పని, డబ్బు, చట్టం

రాత్రి ఎనిమిదింటికి టీవీ పెడితే చర్చలో నలుగురు కూర్చుని ఉంటారు. ఒకరి పేరు కింద సీనియర్ జర్నలిస్టు అని, ఇంకొకరి కింద రాజకీయ విశ్లేషకులు అని, మూడో ఆయన కింద కాలమిస్టు అని, నాలుగో ఆయన కింద పార్టీ అధికార ప్రతినిధి అని పడుతుంది. ఆ పేర్లు చూడకుండా మాటలు మాత్రమే వింటే ఎవరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో చాలాసార్లు తేల్చలేం. తిరుపతి, చిత్తూరుల్లో ఈ గజిబిజి ఇంకో మెట్టు ఎక్కువ. టీటీడీ బోర్డు నియామకం మొదలు తోతాపురి మామిడి ధర దాకా ఇక్కడ జరిగేదల్లా రాష్ట్ర రాజకీయమే కాబట్టి వ్యాఖ్యానించేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో కాలమిస్టు అనే మనిషి చేసే పనేమిటి, ఆ పనిలోకి ఎలా వస్తారు, ఎలా బతుకుతారు, ఎక్కడ బోల్తా పడతారు అన్నది విడదీసి చూస్తే, పొద్దున పేపర్లో ఏ మాటకు ఎంత విలువివ్వాలో కొంత తేలిపోతుంది.

## పేపర్లో ఏది ఎవరి మాట

వార్త రిపోర్టర్‌ది. అందులో ఆయన అభిప్రాయం దూరితే దాన్ని తీసేయాల్సింది డెస్క్, అంటే ఆఫీసులో మ్యాటర్ దిద్దే సబ్ ఎడిటర్లు. సంపాదకీయం పత్రికది. కింద పేరుండదు, ఎవరు రాసినా పూచీ ఎడిటర్‌దే. ఎడిట్ పేజీలో పేరుతో వచ్చే వ్యాసం అతిథిది. ఆయన ఏడాదికొకసారి రాయొచ్చు, మళ్లీ ఎన్నడూ రాయకపోవచ్చు. కాలమ్ వీటన్నిటికీ వేరు. దానికొక పేరు, వారంలో ఒక రోజు, పేజీలో ఒక చోటు, కింద సంతకం ఉంటాయి. ఆ చోటు, ఆ రోజు ఉండటం చిన్న విషయమేమీ కాదు. పోయిన వారం 'ఫలానా మంత్రికి ఉద్వాసన ఖాయం' అని రాసినవాడు ఈ వారం అదే చోట, అదే పాఠకుడి ముందు మళ్లీ నిలబడాలి. అతిథికి ఆ ఇబ్బంది లేదు. టీవీలో కూర్చున్నవాడికి అసలే లేదు.

విశ్లేషకుడు అన్న మాటకు కొలబద్దంటూ ఏదీ లేదు. స్క్రీన్ మీద పేరు కింద వేస్తే విశ్లేషకుడే. అందులో దిట్టలూ ఉంటారు, నిన్న మొన్నటి దాకా ఒక పార్టీ సోషల్ మీడియా చూసినవాళ్లూ ఉంటారు.

తెలుగులో ఇంకో మెలిక ఉంది. పత్రిక అధిపతే కాలమిస్టు కావడం ఇక్కడ మామూలు. ఆంధ్రజ్యోతిలో వేమూరి రాధాకృష్ణ ఆదివారం రాసే 'కొత్త పలుకు' అలాంటిదే. పేరుతో వచ్చినా దాన్ని ఉద్యోగి కాలమ్‌తో సమానంగా చదవలేం. ఉద్యోగి కాలమ్‌ను ఆపగలిగేవాడు పైన ఒకడుంటాడు, యజమాని కాలమ్‌ను ఆపేవాడు ఉండడు. ఇది బలమే, బలహీనత కూడా.

## పుత్తూరు విలేకరి ఎడిట్ పేజీకి చేరాలంటే

పాత దారి మండలంలో మొదలవుతుంది. పుత్తూరులోనో పలమనేరులోనో కంట్రిబ్యూటర్‌గా చేరినవాడికి జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది. అది పెట్రోలుకు కూడా చాలదని అందరికీ తెలుసు. అక్కడి నుంచి కొందరు పత్రిక నడిపే జర్నలిజం స్కూల్‌కు వెళ్లి సబ్ ఎడిటర్‌గా తిరుపతి యూనిట్ డెస్క్‌లో కూర్చుంటారు. కొందరు స్టాఫ్ రిపోర్టర్ అవుతారు. తర్వాత జిల్లా బ్యూరో, ఆపైన విజయవాడ, హైదరాబాద్, అదృష్టముంటే ఢిల్లీ. కాలమ్ చేతికొచ్చేసరికి జుట్టు నెరుస్తుంది.

ఇలా వచ్చినవాడి బలం మనుషులు. ఏ మండలంలో జెడ్పీటీసీ ఎవరి మాట వింటాడో, ఏ సామాజికవర్గం ఎందుకు అలిగిందో ఫోనెత్తి కనుక్కోగలడు. బలహీనత కూడా ఆ మనుషులే. ఇరవై ఏళ్లుగా ఉప్పందించిన నాయకుడి మీద కలం పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. పెడితే వచ్చే ఎన్నికల నాటికి ఆ ఫోన్ మోగదు.

రెండో దారి విశ్వవిద్యాలయం. తిరుపతికి ఇది ప్రత్యేక వసతి. 1954లో వచ్చిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం రెండూ ఊళ్లోనే ఉన్నాయి. రాజనీతి, అర్థశాస్త్రం, తెలుగు శాఖల అధ్యాపకులు ఎడిట్ పేజీకి రాయడం ఇక్కడ పాత ఆనవాయితీ. వాళ్లు గణాంకం తప్పు రాయరు కానీ, పాఠం చెప్పినట్టు రాస్తారు. అసలు సంగతి తొమ్మిదో పేరాలో బయటపడుతుంది, అప్పటికి పాఠకుడు సినిమా పేజీలో ఉంటాడు.

రిటైరైన అధికారులు, లాయర్లు మూడో రకం. ఫైలు ఎలా కదులుతుందో వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తాము కుర్చీలో ఉన్నప్పటి నిర్ణయాల దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు మారుతుంది. సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగి మాత్రం ఈ పనికి దిగలేడు. 1964 నాటి ఏపీ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ విధానాన్ని పత్రికల్లో విమర్శించనివ్వదు. మారుపేరుతో రాసేవాళ్లు ఉన్నారు. బయటపడితే ఛార్జిమెమో ఖాయం.

నాలుగో వర్గం ఉద్యమాల నుంచి వస్తుంది: వామపక్షాలు, రైతు సంఘాలు, దళిత, బీసీ వేదికలు. ఏ పక్కన నిలబడి రాస్తున్నారో దాచుకోరు. ముగింపు ముందే తెలిసిపోతుందన్న ఫిర్యాదు వీళ్ల మీద ఉంది. ఆ మాటకొస్తే ముగింపు ముందే తెలిసిపోయే 'తటస్థ' కాలమ్‌లు అంతకంటే ఎక్కువ. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు రాసి 'కాలమే నిర్ణయిస్తుంది' అని వదిలేసేవి.

## గురువారం కాలమ్ మంగళవారం రాత్రికి

వారపు కాలమ్ గురువారం వస్తుందనుకుందాం. ఆదివారానికి విషయం తేల్చుకోవాలి. తేల్చుకుని ఎడిట్ పేజీ ఇన్‌ఛార్జికి ఒక మాట చెప్పాలి. లేకపోతే అదే విషయం మీద బుధవారం వేరే వ్యాసం వచ్చేసి, మీది హోల్డ్‌లో పడుతుంది. సోమవారం ఫోన్లు, కాగితాలు. మంగళవారం రాసి రాత్రికి మ్యాటర్ పంపాలి. బుధవారం పేజీ పెడతారు. దూరపు మండలాలకు వెళ్లే ఎడిషన్ పెందలాడే అచ్చుకెళ్తుంది కాబట్టి సాయంత్రం తర్వాత దిద్దుబాటు అడిగితే తిరుపతిలో ఒక పాఠం, పల్లెలో ఇంకో పాఠం వచ్చే ప్రమాదముంది.

కాలమ్‌కు దొరికే జాగా సుమారు 650 నుంచి 750 మాటలు. పేజీ పైన వచ్చే ప్రధాన వ్యాసానికైతే 900 దాటొచ్చు. వెయ్యి రాసి పంపితే కోత తప్పదు, కోత దాదాపు ఎప్పుడూ కిందనుంచే పడుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు ముఖ్యమైన ఆధారాన్ని మూడో పేరా లోపే పెట్టేస్తారు. అంకెలు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే పాఠకుడు దాటేస్తాడు. అవతలి పక్షం వాదనను దాని బలమైన రూపంలో ఒక పేరాలో చెప్పి అప్పుడు జవాబివ్వాలి. బలహీనమైన రూపం చెప్పి గెలిచేది చాలా తేలిక. ఆ తేడాను చిత్తూరు కోర్టు దగ్గర టీ తాగే జూనియర్ లాయరు కూడా ఇట్టే పట్టేస్తాడు.

బుధవారం మంత్రివర్గ మార్పో, అరెస్టో జరిగితే మంగళవారం మ్యాటర్ పాచిపోతుంది. కాబట్టి ఏ వారమైనా చెల్లే వ్యాసం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి.

చిన్నవిగా కనిపించే రెండు తిప్పలు. మొదటిది ఫాంటు. యూనికోడ్‌లో రాసి పంపిన మ్యాటర్‌ను పేజీ పెట్టే దగ్గర 'అను' అనే పాత ఫాంటులోకో, పత్రిక సొంత ఫాంటులోకో మారుస్తారు. అప్పుడు ఒత్తులు జారతాయి, పొల్లుతో ఆగే మాటలు కలిసిపోతాయి. పరభాషా పేర్లు, ఇంటిపేర్లు ఎక్కువగా దెబ్బతింటాయి. మార్చిన తర్వాత పీడీఎఫ్ అడిగి చూసుకోవడం తప్ప మందు లేదు. రెండోది శీర్షిక. అది పెట్టేది రాసినవాడు కాదు, డెస్క్. టీటీడీ బోర్డును ప్రభుత్వం మారినప్పుడల్లా మార్చే అలవాటుకు రెండు పార్టీలనూ తప్పుపడుతూ 'బోర్డు నియామకాల్లో పాత అలవాటు' అని పంపితే, పొద్దున 'కొండపై కుర్చీలాట' అని రావచ్చు. బాగుంది, చిన్నది. కానీ శీర్షిక మాత్రమే చదివి వాట్సాప్‌లో తిప్పేవాడికి అది ఇప్పటి ప్రభుత్వాన్నే తిట్టినట్టుంటుంది.

## ఒకే రోజు, ఒకే బూతు, రెండు తీర్పులు: తిరుపతి 2024

కాలమిస్టు పనితనం ఎక్కడ తెలుస్తుందో చూడాలంటే ఈ ఉదాహరణ చాలు. 2024 మే 13 పోలింగ్‌లో తిరుపతి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలనూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి గెలుచుకుంది. ఆరు తెలుగుదేశం, తిరుపతి నగరం జనసేన. అదే రోజు అదే బూతుల్లో లోక్‌సభ సీటు మాత్రం వైసీపీకి పోయింది. మద్దిల గురుమూర్తి బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావు మీద 14,569 ఓట్లతో గెలిచారు. అంతకు మూడేళ్ల ముందు ఉప ఎన్నికలో ఆయన మెజారిటీ 2,71,592.

ఫలితం వచ్చిన రోజు రాయడానికి మూడు కథలు సిద్ధంగా ఉంటాయి. కమలం గుర్తు ఇక్కడ ఎక్కలేదన్నది ఒకటి. అభ్యర్థి మీద వ్యతిరేకత అన్నది రెండు. వరప్రసాదరావు 2014లో వైసీపీ తరఫునే తిరుపతి ఎంపీ, తర్వాత గూడూరు ఎమ్మెల్యే. కూటమి ఓటు కొంత కాంగ్రెస్‌కు చీలిందన్నది మూడు. పోటీలో ఉన్నది ఆరుసార్లు ఎంపీగా చేసిన చింతా మోహన్. ఏది రాసినా నమ్మేవాళ్లుంటారు. ఏది నిజమో దగ్గరగా తెలియాలంటే ఫారం 20 తీయాలి. బూతువారీగా ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చూపే తుది ఫలితాల పత్రం అది. లోక్‌సభకు కూడా అసెంబ్లీ సెగ్మెంట్ల వారీగా ఉంటుంది కాబట్టి ఒకే బూతులో రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెట్టొచ్చు.

ఊహకు ఒక బూతు తీసుకుందాం. అసెంబ్లీకి కూటమికి 480, వైసీపీకి 390. లోక్‌సభకు కూటమికి 430, వైసీపీకి 412. కూటమి 50 పోగొట్టుకుంది, వైసీపీకి 22 కలిశాయి, మిగతా 28 కాంగ్రెస్, నోటా, ఇతరులకు పోయినట్టు. ఈ బూతులో కమలం నుంచి జారిన ఓటులో సగానికి పైగా వైసీపీకి పోలేదు. కాబట్టి 'జనం ఎంపీకి జగన్ వైపు మొగ్గారు' అన్న వాక్యం ఇక్కడ నిలవదు. వంద బూతుల్లో ఇదే ధోరణి ఉంటే మూడో కథకు బలం. మైనారిటీలు ఎక్కువున్న బూతుల్లో మాత్రమే జారుడు పెద్దదైతే మొదటి కథకు బలం. అన్ని రకాల బూతుల్లోనూ ఒకే మోతాదులో జారితే అభ్యర్థి వైపు చూడాలి.

ఇందులో కూడా ఒక జాగ్రత్త ఉంది. 50 అన్నది నికరం. డెబ్బై మంది అటు పోయి ఇరవై మంది ఇటు వచ్చినా 50గానే కనిపిస్తుంది. ఓటు రహస్యం కాబట్టి ఎవరు మారారో ఏ ఫారమూ చెప్పదు. దీన్ని రాసుకుని తర్వాత 'ఫలానా కులం ఓటేయలేదు' అని తేల్చేయడం ఈ వృత్తిలో నిత్యం జరిగే పాపం.

సరిహద్దులు ఇంకో గుంట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి ఆ జిల్లాలోకి వచ్చింది, కానీ ఓటేసేది చిత్తూరు లోక్‌సభకు. సర్వేపల్లి తిరుపతి లోక్‌సభలో ఉంది, జిల్లా మాత్రం నెల్లూరు. 2022లో చిత్తూరు జిల్లాలో ఉంచిన పుంగనూరు రాజంపేటకు ఓటేస్తుంది. పాత ఉమ్మడి చిత్తూరులో 14 సీట్లు. వైసీపీ 2014లో 8, 2019లో 13, 2024లో 2 గెలిచింది. ఇప్పుడు 'చిత్తూరు జిల్లాలో' అని రాసి ఈ అంకెలు పెడితే తప్పు. 'ఉమ్మడి' అన్న మాట పడాల్సిందే. జిల్లాల గీతలు మళ్లీ జరిగినప్పుడల్లా ఈ పట్టిక తిరగరాసుకోవాలి.

సీట్లకు, ఓట్లకు మధ్య దూరం మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. 2024లో రాష్ట్రంలో వైసీపీకి వచ్చింది 11 సీట్లు. ఓట్లు మాత్రం 39 శాతం పైచిలుకు. 'తుడిచిపెట్టుకుపోయింది' అనే కాలమ్ మొదటి అంకె మీద, 'పునాది చెక్కుచెదరలేదు' అనే కాలమ్ రెండో అంకె మీద నడుస్తాయి. రెండు అంకెలూ ఒకే వ్యాసంలో కనిపిస్తే ఆ రచయితను గుర్తుపెట్టుకోండి.

## కిలో పన్నెండు ఎవరిచ్చారు

ఎన్నికలు లేని ఏడాదిలో కాలమ్ ఎలా నడుస్తుంది? 2025 జూన్, జూలైల్లో తోతాపురి ధర పడిపోయినప్పుడు చిత్తూరు రైతుకు కిలో ₹12 అని ప్రభుత్వం ప్రకటించింది. అందులో ₹8 గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, ₹4 ప్రభుత్వం సబ్సిడీగా వేయాలి. జూలై 9న జగన్ బంగారుపాళ్యం మార్కెట్‌కు రావడంతో అది పూర్తిగా రాజకీయ రగడ అయింది. ఒకవైపు 'పన్నెండు ఇచ్చాం', ఇంకోవైపు 'రైతును రోడ్డున పడేశారు'.

ఇద్దరి ప్రెస్‌మీట్లూ కలిపి కుట్టేస్తే కాలమ్ కాదు. పన్నెండు అనేది రెండు ముక్కలని విడదీయాలి. సబ్సిడీ నాలుగు రూపాయలు ప్రభుత్వ లెక్కల్లో, రైతు పాస్‌బుక్‌లో తేదీతో సహా కనిపిస్తాయి. ఫ్యాక్టరీ ఎనిమిది రూపాయలు తూకం చీటీలో, చెల్లింపు రసీదులో వెతకాలి. కాయ తీసుకున్న తేదీకి, డబ్బు పడ్డ తేదీకి మధ్య ఎన్ని రోజులన్నది మూడో ప్రశ్న. నిరుటి గుజ్జు నిల్వలు అమ్ముడుపోక ఫ్యాక్టరీలు కొనుగోలు తగ్గించాయా అన్నది నాలుగోది. బంగారుపాళ్యం, గుడిపాల, తవణంపల్లె నుంచి పదేసి మంది రైతుల చీటీలు చూస్తే చాలు, రెండు పార్టీల ప్రకటనల్లో దేనికి ఎంత బరువుందో తెలిసిపోతుంది. ముప్పై చీటీలు రాష్ట్రం మొత్తానికి రుజువు కావు. ఆ మాట వ్యాసంలోనే రాయాలి. కాగితం అధికారుల దగ్గరుంటే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మండల స్థాయిలో ₹5, ఆ పైన ₹10 రుసుము, జవాబుకు 30 రోజుల గడువు. వారపు కాలమ్‌కు నెల రోజులు ఎక్కువే, అందుకే అనుభవమున్నవాళ్లు సీజనుకు ముందే దరఖాస్తు పడేస్తారు.

## పత్రిక లైన్, కాలమిస్టు మాట

తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పాల్సింది లేదు. సాక్షి జగన్ కుటుంబానిది, 2008లో మొదలైంది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశానికి కొమ్ముకాస్తాయన్నది వైసీపీ ఏళ్ల తరబడి చేస్తున్న ఆరోపణ. ప్రజాశక్తి సీపీఎం పత్రిక, విశాలాంధ్ర సీపీఐది. టీవీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2024లో టీటీడీ చైర్మన్‌గా వచ్చిన బీఆర్ నాయుడు టీవీ5 అధినేత.

ఇందులో కాలమిస్టుకు స్వేచ్ఛ ఎంత? ఒక వాదన ప్రకారం లైన్, అంటే పత్రిక ఏ పార్టీ వైపు మొగ్గుతుందో, బహిరంగంగా ఉండటమే మేలు. పాఠకుడు తెలిసే కొంటాడు, రెండు పేపర్లు చదివి తేల్చుకుంటాడు, తటస్థత ముసుగు కంటే ఇది నిజాయితీ. ఎదుటి వాదన: రెండు పేపర్లు కొనే ఇళ్లు ఎన్ని? ఒకే పేపర్ వచ్చే ఇంట్లో సగం చిత్రమే వాస్తవమైపోతుంది. రెంటిలోనూ నిజముంది. అయితే ఆచరణలో లైన్ పనిచేసే తీరు బయటివాళ్లు అనుకునేంత మొరటుగా ఉండదు. 'ఇది రాయండి' అని ఫోన్ రావడం అరుదు. 'ఈ వారం జాగా లేదు, వచ్చే వారం చూద్దాం' అన్నది ఎక్కువ. మూడు వారాలు అలా వింటే, నాలుగో వారం ఏం రాయాలో కాలమిస్టుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి కాలమ్‌ను తూచాలంటే అందులో ఏముందో చూడటం సరిపోదు, ఏడాదిలో ఏ విషయం మీద ఆ మనిషి అసలు రాయలేదో చూడాలి. తన పత్రికకు ఇష్టమైన పార్టీ మీద ఏడాదికి మూడు నాలుగు గట్టి కాలమ్‌లు వేయించుకోగలిగినవాడికి ఆ గదిలో ఎంతో కొంత మాట చెల్లుతోందన్నమాట.

## జీతం, పారితోషికం, పదవి

పత్రిక ఉద్యోగి కాలమ్ రాస్తే దానికి వేరే డబ్బు ఉండదు, జీతంలో భాగమే. బయటివాళ్లకు వ్యాసానికింత అని పారితోషికం. కొన్ని పత్రికలు అసలివ్వవు, అచ్చవడమే ప్రసాదం అనుకోమంటాయి. ఇచ్చేచోట కూడా దాని మీదే ఇల్లు గడవదు. ఒక సంస్థ నుంచి ఏడాదికి ₹50,000 దాటితే పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి ఇస్తారు. రిటర్ను వేస్తే వెనక్కు రావచ్చు, పాన్ ఇవ్వకపోతే కోత రెట్టింపవుతుంది.

అందుకే ఈ వృత్తికి పక్క ఆదాయం తప్పనిసరి: పాఠాలు, అనువాదాలు, ప్రసంగాలు, యూట్యూబ్. ఇవన్నీ సరే. పార్టీకి సర్వే చేసిపెట్టడం, నాయకుడికి ఉపన్యాసం రాసివ్వడం దగ్గరే మెలిక. అది నేరం కాదు. కానీ అదే నాయకుడి గురించి కాలమ్ రాస్తూ ఆ సంగతి చెప్పకపోతే పాఠకుడిని మోసం చేసినట్టే. పదవుల ఆశ ఇంకో రకం. ప్రభుత్వ సలహాదారులు, ప్రెస్ అకాడమీ అధ్యక్షులుగా జర్నలిస్టులు వెళ్లడం కొత్త కాదు. పదవి వచ్చాక ఎవరూ కాలమిస్టుగా నమ్మరు, అది సహజం. అసలు నష్టం వెనక్కి పాకుతుంది. పదవి వచ్చిన రోజు నుంచి, అంతకు ముందు రెండేళ్లు రాసినవన్నీ జనం మళ్లీ తిరగేసి చదువుతారు.

## ఏ వాక్యానికి నోటీసు వస్తుంది

పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. 2024 జూలై 1కి ముందు ఐపీసీ 499, 500. రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, లేదా సమాజ సేవ. క్రిమినల్ పరువునష్టాన్ని సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. సివిల్ దావా వేయాలంటే ప్రచురించిన ఏడాదిలోపు వేయాలి.

రెండు వాక్యాలు చూడండి. 'ఫలానా ఎమ్మెల్యే స్వర్ణముఖి నది ఇసుకలో కోట్లు తిన్నాడు.' ఇది ఆరోపణ, కోర్టులో రుజువు చేయాల్సింది రాసినవాడే. 'స్వర్ణముఖిలో అనుమతి లేని తవ్వకాలపై ఫలానా తేదీన అధికారులు కేసు పెట్టారు. స్థానిక ఎమ్మెల్యే ఇప్పటిదాకా స్పందించలేదు. ప్రజాప్రతినిధికి ఈ మౌనం తగదు.' మొదటి రెండూ కాగితం మీద చూపగల వాస్తవాలు, మూడోది ప్రజాజీవితంలోని నడవడికపై సదుద్దేశంతో చేసిన వ్యాఖ్య. చట్టంలోని మినహాయింపులు రెండో రకానికే నీడనిస్తాయి. 'కోట్లు తిన్నాడా?' అని ప్రశ్నార్థకం తగిలిస్తే తప్పించుకోవచ్చన్నది భ్రమ. 'అభిప్రాయాలు రచయితవే' అన్న చిన్నక్షరాల లైన్ కూడా పత్రికను కాపాడదు. ఫిర్యాదులో ఎడిటర్, ప్రచురణకర్త పేర్లు కూడా చేరతాయి.

తిరుమల మీద రాసేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి వివాదం రేగినప్పుడు మూడు వేర్వేరు సంగతులు ఒకే ముద్దయ్యాయి: ల్యాబ్ నివేదికలో ఏముందన్నది, ముఖ్యమంత్రి ఏమన్నారన్నది, ఆ నెయ్యి ప్రసాదంలో వాడారా అన్నది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఐదుగురితో స్వతంత్ర దర్యాప్తు బృందం వేసింది. సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసుల నుంచి ఇద్దరు, ఆహార భద్రతా సంస్థ నుంచి ఒకరు. ఆ మూడు సంగతుల్నీ వేరుగా ఉంచి రాసిన కాలమ్‌లు ఇవాళ తీసి చదివినా నిలుస్తాయి. మిగతావి ఆ వారానికే.

ఎన్నికల వేళ ఇంకో రెండు గీతలున్నాయి. పోలింగ్‌కు ముందు 48 గంటల నిశ్శబ్దం టీవీకి, సినిమాకు వర్తిస్తుంది, అచ్చు పత్రికకు కాదు. ఎగ్జిట్ పోల్ నిషేధం మాత్రం అచ్చుకూ వర్తిస్తుంది. 2024లో ఆంధ్రలో మే 13నే పోలింగ్ ముగిసినా జూన్ 1 సాయంత్రం దాకా సర్వే అంకెలు వేయకూడదు. విశ్లేషణ రాయొచ్చు. 'మా సర్వేలో ఇన్ని శాతం' అనకూడదు. డబ్బు తీసుకుని వార్తలా వేసిన పెయిడ్ న్యూస్ అని జిల్లా మీడియా కమిటీ తేలిస్తే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో కలుస్తుంది. ఖర్చు పరిమితి అసెంబ్లీకి ₹40 లక్షలు, లోక్‌సభకు ₹95 లక్షలు. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్ మీద ఈ కారణంగానే మూడేళ్ల అనర్హత వేటు పడింది. ఒకే వ్యాసం రెండు పేపర్లలో రెండు పేర్లతో వస్తే కమిటీ కన్ను పడేది అక్కడే.

కోర్టుకు పోకుండా ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. ముందు ఎడిటర్‌కు రాయాలి, దినపత్రికైతే రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, జరిమానా వేయలేదు. కోరలు లేవని కొందరంటారు. కోరలిస్తే ముందు కరిచేది ప్రభుత్వానికి గిట్టని పత్రికలనే అని ఇంకొందరంటారు.

## పాత కాలమ్‌లు ఎవరివి

చివరికి పుస్తకం వేద్దామనుకున్నప్పుడు లేచే ప్రశ్న ఇది. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పత్రిక ఉద్యోగి రాసినదాన్ని పత్రికలో ప్రచురించుకునే హక్కు యజమానిది, మిగతా హక్కు రాసినవాడిది, వేరే ఒప్పందం లేకపోతే. బయటి రచయితకైతే మొదటి హక్కు పూర్తిగా తనదే. హక్కు రాసిచ్చిన ఒప్పందంలో గడువు పేర్కొనకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. ఇబ్బందల్లా ఆ ఒప్పందం ఏనాడూ చదవకుండా సంతకం పెట్టడంలో ఉంది. ఇంకో ఇబ్బంది దొరకడం. పాత ఫాంటులో ఉన్న ఫైళ్లు ఇవాళ తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, ఈ-పేపర్ పాత పేజీలు కొన్నేళ్లకే మాయమవుతాయి. అచ్చయిన పేజీ కత్తిరించి తేదీ వేసి పెట్టుకున్నవాళ్ల దగ్గరే పూర్తి వరుస మిగులుతుంది. ఏ ఎన్నికకు ముందు ఎవరు ఏం జోస్యం చెప్పారో సరిచూసుకోవాలన్నా ఆ కత్తిరింపులే దిక్కు.